ముందు పళ్ళచక్రం

కొండదారిలో మజ్జిగ మలుపు దగ్గర రెడ్డిరాణి కుడి మోకాలు మళ్ళీ పట్టేసింది.

అయినా సైకిలు దిగలేదు. దిగడం ఆమెకు చేతకాదు. సీటు మీంచి లేచి, ఒంటి బరువంతా పెడళ్ళ మీదేసి, పళ్ళు బిగబట్టి పైదాకా తొక్కింది. కొండ మీది గెస్టుహౌసు గోడకు సైకిలు ఆనించి, ఎవరూ చూడని చోటికి పోయి, మోకాలిని రెండు చేతులా పట్టుకుని కూచుంది.

ఇంకో రెండు వారాల్లో ఇదే హార్సిలీకొండ మీద ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎంపిక పోటీ. ఆడవాళ్ళలో ముందు చేరినామె రాష్ట్ర పోటీలకు పోతుంది.

రెడ్డిరాణిది మదనపల్లె పక్కన నీరుగట్టువారిపల్లె. పట్టుచీరల ఊరు. వాళ్ళింట్లో గుంట మగ్గం ఉంది. అమ్మ కండెలు చుడితే కూతురు నేస్తుంది. తెల్లారగట్ట కొండ, పగలంతా మగ్గం. రెంటికీ కాళ్ళే ఆధారం. మోకాలు పోతే పోయేది ఒక్క పోటీ కాదని ఆమెకు బాగా తెలుసు.

సైకిలు పాతది. బెంగుళూరులో చదువుకునే కుర్రాడెవరో అమ్ముకుపోయిన రేసు సైకిలు. చట్రం మాత్రం గట్టిది. గొలుసు, పళ్ళచక్రాలు, గేర్లు, మీటలు అన్నీ అరిగిపోయి చేతికొచ్చాయి. అన్నీ ఒక్కసారి మార్చుకునే స్తోమత లేదు. అందుకే మూడేళ్ళ కిందట దస్తగిరి సారు దగ్గరికి పోయింది.

దస్తగిరి సారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆదివారం పొద్దున్నే కొండ కిందికి వచ్చినవాళ్ళందరికీ సైకిలు తొక్కడం నేర్పేవారు. డబ్బు తీసుకునేవారు కాదు. మాటలు కూడా పొదుపే.

"ముందు ఏం మార్చల్ల సార్?" అని అడిగింది రాణి.

"నన్నడిగితే ఏం లాభం? దాన్నడుగు" అని, ఆమె చూపుడు వేలు పట్టుకుని వెనక పళ్ళచక్రం మీద రాయించారు. పళ్ళు రంపంలాగా వేలికి గుచ్చుకున్నాయి. గొలుసు లాగితే చీర కుచ్చిళ్ళలా వదులుగా ఊగింది.

"అయితే ఇప్పటికి గొలుసు కొంటా సార్. పళ్ళు మళ్ళా చూసుకుందాం."

సారు పెట్టెలోంచి కొత్త గొలుసు ముక్కొకటి తీసి ఆ అరిగిన పళ్ళ మీద పెట్టారు. అది కూర్చోలేదు. పంటి మీదికెక్కి జారిపోయింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ జారింది. ఆ ముక్కను పెట్టెలో వేసుకుని లోపలికి పోయారు.

రాణి మగ్గం మీంచి ఇంకో చీర దించి, కూలి చేతికొచ్చేదాకా ఆగింది. గొలుసూ, వెనక పళ్ళూ కలిపే కొన్నది. తన చేతుల్తోనే బిగించుకుంది.

ఆ తర్వాత గేరు మార్చే మీటల వంతు. మీట చెప్పిన మాట వినే గేరు దానికి జతగా ఉండాలి, లేకపోతే ఒకటి లాగితే ఇంకొకటి పడుతుంది. ఆ సంగతి ఈసారి ఆమె తనంతట తానే కనిపెట్టింది. ఏడాది ఓపిక పట్టి రెండూ ఒకే జతవి తెచ్చుకుంది.

అలా ఒక్కో ముక్కా మారుతూ వచ్చింది. దాంతోపాటు రాణి నడకా మారింది. కొండ కింద టీ అంగడి దగ్గర ఎవరైనా కొత్తవాళ్ళు "సైకిలు బాగుందే, ఎంతకు కొన్నావు?" అంటే చాలు, పక్కన కూచోబెట్టుకుని చూపించేది.

"ఇది నెమలంచు చీర" అనేది, వెనక పళ్ళమీద చేయి పెట్టి. "ఈ మీటలు రెండూ బుటా చీరలు. గొలుసు కూడా నెమలంచుదే. నేను నేసిందే, నేను బిగించిందే."

అలా చెప్పేటప్పుడు ఆమె మొహం చూడముచ్చటగా ఉండేది. వినేవాళ్ళకు కూడా ఆ సైకిలును ఒకసారి తాకాలనిపించేది.

మిగిలింది ఒక్కటే. క్రాంకు. అంటే పెడళ్ళు బిగించే కాడలూ, వాటి మధ్య ఉండే ముందు పళ్ళచక్రాలూ. సైకిలుతో వచ్చిన పాత క్రాంకుకు చక్రాలు మరీ పెద్దవి. చదును రోడ్డు మీద గాలిలా పోతుంది. కొండ ఎక్కేటప్పుడు మోకాలిని నమిలేస్తుంది. చిన్న చక్రాలున్న క్రాంకు కావాలి. దానికోసమని మగ్గం మీద పెద్దంచు పెళ్ళిచీర ఎక్కించింది. ఎంత నేసినా అది పోటీలోగా దిగేలా లేదు.

*

ఆ ఆదివారం కొండ దిగి వచ్చాక, టీ అంగడి బెంచీ మీద మోకాలు నిమురుకుంటున్న రాణిని డాక్టర్ అరుంధతి చూసింది.

అరుంధతి మదనపల్లెలో కంటి డాక్టరు. యాభై దాటాక సైకిలు మొదలుపెట్టింది. ప్రతి ఆదివారం అందరికంటే ఆఖరున పైకి చేరేది. ఆమె చేరేసరికి మిగతావాళ్ళు ఫోటోలు కూడా తీసుకుని దిగడానికి హెల్మెట్లు పెట్టుకుంటూ ఉండేవాళ్ళు. "రండి డాక్టరమ్మా, రండి" అని పలకరించి దిగిపోయేవాళ్ళు. ఆమె ఒక్కతే కాసేపు నిలబడి, నీళ్ళు తాగి, తిరిగి వచ్చేది.

"మోకాలు నొప్పా రాణీ?" అంది డాక్టరమ్మ. "నా పాత సైకిలుది చిన్న పళ్ళ క్రాంకు ఇంట్లో ఊరికే పడుంది. పెద్దగా వాడింది కూడా లేదు. రేపు తెచ్చిస్తా, వేసుకో."

"వద్దు డాక్టరమ్మా."

"దుడ్లేం ఇయ్యొద్దులే పిల్లా."

"అందుకే వద్దు" అంది రాణి. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది మాట. "ఈ సైకిలు మీద ఒకరిచ్చింది ఒక్కటీ లేదు. ఇంక మీద కూడా ఉండదు."

టీ పోస్తున్న మనిషి చేయి ఆగింది. డాక్టరమ్మ "సరేలేమ్మా" అని వంగి, బిగించే ఉన్న బూటు పట్టీని విప్పి మళ్ళీ బిగించుకుంది.

రాణికి ఆ మాట ఊరికే రాలేదు. చిన్న బళ్ళో చదివేటప్పుడు, అమ్మ ఎవరింటి నుంచో ఒక గులాబీ రంగు గౌను తెచ్చి తొడిగింది. కొత్తదనుకుని రాణి మురిసిపోయింది. బళ్ళో ప్రార్థన దగ్గర ముందు వరసలోని పిల్ల వెనక్కి తిరిగి, వేలు చూపించి, "ఆ గౌను నాది" అంది. అందరూ చూశారు. రాణి ఆ రోజంతా చేతులు ముడుచుకుని, ఒళ్ళు దాచుకుని కూచుంది. అప్పటినుంచి ఒకరి వస్తువు ఆమె ఒంటిమీదికి రాలేదు. ఆకలైన రోజున కూడా పక్కింటి పళ్ళెం ముట్టలేదు.

అదే బెంచీ చివర కూచున్న దస్తగిరి సారు టీగ్లాసు కడిగి బోర్లించారు. అంతా విన్నారు.

*

మర్నాడు సాయంత్రం రాణి సారు ఇంటికి పోయింది. ఆయన వాకిట్లో కూచుని కోళ్ళకు నూకలు వేస్తున్నారు.

"సార్, పాత క్రాంకుతోనే పోటీకి పోతే మోకాలు నిలబడతాదా?"

"నిలబడదు."

"మరి ఏం చెయ్యల్ల?"

సారు చేతులు దులుపుకుని లేచారు. తలమీది టోపీ సర్దుకుని, "సైకిలు తోసుకుంటా నాతో రా" అన్నారు. తన పాత ఆకుపచ్చ సైకిలు కూడా బయటికి తీశారు.

రెండు వీధులు దాటాక ఎక్కడికి పోతున్నారో రాణికి అర్థమైంది. అయినా వెనక్కి తిరగలేకపోయింది.

డాక్టరమ్మ గేటు దగ్గర సారు ఆగి, తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు.

"డాక్టరమ్మా, మీ ఇంట్లో చిన్న పళ్ళ క్రాంకు ఉండాదంట. నాకిస్తారా? ముసలికాళ్ళు. కొండెక్కలేక పోతాండా."

రాణి తల దించుకుంది. సారు ఎవరి ముందూ చేయి చాచగా ఆమె చూడలేదు. రిటైరైన రోజు పిల్లలు చందాలేసుకుని తెచ్చిన శాలువా కూడా తిప్పి పంపిన మనిషని ఊళ్ళో చెప్పుకుంటారు.

డాక్టరమ్మ లోపలికి దాదాపు పరిగెత్తింది. కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా, క్రాంకును చున్నీ కొసతో తుడుస్తూ పట్టుకొచ్చింది. సారు రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నారు.

"రాణీ, బిగించు" అన్నారు. "నా దానికి."

గేటు పక్కనే గట్టు మీద కూచుని రాణి పని మొదలుపెట్టింది. లోపలున్నదంతా ఒకటే ఆలోచన. ఇప్పుడు బిగించమంటారు. రేపు విప్పి, "నువ్వుంచుకో" అంటారు. అప్పుడేమనాలి? గురువు ఇస్తే ఎట్లా వద్దనాలి? చేతులు మరలు తిప్పుతుంటే నోటిలో మాటలు కూర్చుకుంది. నెమ్మదిగా, మర్యాదగా, గట్టిగా ఉండే మాటలు.

పని అయ్యాక సారు సైకిలెక్కి వీధి చివరిదాకా పోయి వచ్చారు.

"బో తేలిగ్గా ఉండాదే!" అన్నారు చిన్నపిల్లాడి మాదిరి. డాక్టరమ్మకు దండం పెట్టి ఇంటికి పోయారు. రాణికి ఏమీ ఇవ్వలేదు.

కూర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

*

ఆ తర్వాతి ఆదివారం, పోటీకి ముందు ఆఖరి సాధన.

మజ్జిగ మలుపులో రాణి మోకాలు మామూలుగానే మొరాయించింది. పక్కనుంచి ఏదో కూనిరాగం వినిపించింది. దస్తగిరి సారు. కాళ్ళు చకచకా తిరుగుతుంటే, ఆమెను దాటి, మలుపు తిరిగి పోయారు. రాణి నోరు తెరుచుకుని చూసింది.

మలుపు చివర మజ్జిగ అమ్మే ముసలామె కూడా చూసింది. "ఏం సారూ, ఈ పొద్దు కుర్రోని మాదిరి ఎక్కతాండారే?"

సారు సైకిలు ఆపేశారు. దిగి, కాడ మీద చేయి పెట్టి, "నాదేముంది అవ్వా" అన్నారు. "ఇది డాక్టరమ్మది. డాక్టరమ్మ ఇచ్చింది."

అటవీశాఖ గేటు దగ్గరా అదే చెప్పారు. పైన గెస్టుహౌసు వాచ్‌మన్‌కు చెప్పారు. కారు దిగి కొండ చూడొచ్చిన వాళ్ళను పిలిచి మరీ చూపించారు. "ఇది నాది కాదు సామీ. డాక్టరమ్మది." రాణి తన నెమలంచును ఎంత మురిపెంగా చూపించేదో అంత మురిపెంగా చూపించారు. అలా చెప్పిన ప్రతిసారీ రాణి చెవులు ఎర్రబడ్డాయి. సారు మాత్రం ఒళ్ళు దాచుకోలేదు. రొమ్ము విరుచుకుని నిలబడ్డారు.

తక్కినవాళ్ళు దిగిపోవడానికి సిద్ధమయ్యారు.

"యాడికి?" అన్నారు సారు. "ఇచ్చినామె ఇంకా రాలేదు గదా."

అందరూ ఆగారు. చాలాసేపటికి డాక్టరమ్మ ఆఖరి మలుపు తిరిగింది. తలెత్తి చూసింది. పైన ఎవరూ ఉండరనుకున్న చోట గుంపు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. వాచ్‌మన్ ఎదురుపోయి, "పెద్దసారుకు చక్రం ఇచ్చిండేది మీరేనా అమ్మా?" అన్నాడు.

చెమటతో తడిసి, ఊపిరందక వగరుస్తూ, డాక్టరమ్మ నవ్వింది. "అవును. నాదే!" అంది.

రాణి ఆ మాట విన్నది. చిన్నప్పటినుంచి ఆ మాట ఆమె చెవిలో ఒకే గొంతుతో మోగుతూ ఉండేది. దానికి ఇలాంటి గొంతు కూడా ఉంటుందని తెలియదు.

గుంపు టీలకు కదిలింది. రాణి సారు దగ్గరికొచ్చింది.

"సార్, ఆ క్రాంకు..."

"నన్నెందుకు అడుగుతావు?" అన్నారు సారు సైకిలు తుడుచుకుంటూ. "ఇచ్చినామె అదో."

డాక్టరమ్మ ఆనుకున్న గోడ దాకా పది అడుగులు కూడా లేవు. మజ్జిగ మలుపు నయమనిపించింది రాణికి. పోయి, డాక్టరమ్మ ముందు నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"డాక్టరమ్మా... నాకు మోకాలు నొప్పి. చిన్న పళ్ళ క్రాంకు కావల్ల. ఆ పొద్దు మీరిస్తానంటే నేను అట్ల మాట్లాడినా."

డాక్టరమ్మ, "అయ్యో, అది సారుకిచ్చేస్తి గదే!" అని నవ్వుతూ ఆయన వైపు చూసింది.

సారు అప్పటికే సైకిలును పడుకోబెట్టి, పానాల సంచీ విప్పి పెట్టారు.

"మరి మీకు సార్?" అంది రాణి.

"నీ పెద్దదాన్ని నాకెయ్యి. దిగేటప్పుడు అదేం చేస్తాది? ఎక్కేటప్పుడు నెట్టుకుంటా వస్తాలే."

గెస్టుహౌసు ముందు నీలగిరి చెట్ల నీడలో పని జరిగింది. రాణి విప్పుతుంటే డాక్టరమ్మ చక్రం పట్టుకుంది. చిన్న పళ్ళకు సరిపోయేట్టు ముందు గేరును కాస్త కిందికి దించాలి. గొలుసులో లింకులు తగ్గించాలి. "ఇక్కడ గట్టిగా పట్టుకోండి. వదలొద్దు" అంటూ రాణి చెబుతుంటే, డాక్టరమ్మ ఊపిరి బిగబట్టి పట్టుకుంది. చేతులు రెండూ మోచేతుల దాకా నల్లగా అయ్యాయి. ఎవరో గుడ్డ ఇవ్వబోతే, "ఉండనీ, ఉండనీ" అంది.

*

పోటీ రోజు తిరుపతి నుంచి, చిత్తూరు నుంచి అమ్మాయిలు వచ్చారు. మెరిసిపోయే సైకిళ్ళు. ఈల మోగగానే అందరూ రాణిని దాటిపోయారు.

రాణి తొందరపడలేదు. చిన్న చక్రం మీదికి గొలుసు దించి, కాళ్ళను వాటి దారిన తిరగనిచ్చింది. మగ్గం తొక్కినట్టే, ఎక్కడా లాగుడు లేకుండా. సగం కొండకు ముందున్నవాళ్ళ వీపులు కనిపించాయి. మజ్జిగ మలుపులో ఒకామె లేచి నిలబడి, ఒళ్ళంతా ఊపుతూ తొక్కుతోంది. ఆ బాధ రాణికి తెలుసు. ఆమెను దాటింది. మోకాలు ఉలకలేదు, పలకలేదు. అటవీశాఖ గేటు దగ్గర ఇంకొకామెను దాటింది. ఆఖరి మలుపు తిరిగేసరికి ముందు రోడ్డు ఖాళీగా ఉంది. ఒక్క ఎండ మాత్రం పడుతోంది.

గీత దాటగానే నిర్వాహకుడు మైకుతో పరిగెత్తుకొచ్చాడు. సైకిలును కిందికీ పైకీ చూశాడు. ఒక్కో ముక్క ఒక్కో రకంగా ఉంది.

"ఈ సైకిలు ఎవరిచ్చినారమ్మా?"

రాణికి ఊపిరి ఇంకా కుదురుకోలేదు. అయినా గొంతు తగ్గించలేదు.

"వెనకదంతా నేను నేసింది సార్. ముందు పళ్ళచక్రం డాక్టరమ్మది."

"ఏ డాక్టరమ్మ?"

రాణి గుంపులో వెతికింది. లేదు. పోటీ వెనకాలే ఆదివారాల గుంపువాళ్ళు సరదాగా కొండెక్కుతున్నారు. డాక్టరమ్మ ఇంకా కిందే ఎక్కడో ఉండి ఉంటుంది.

"తీసుకొస్తా ఉండండి" అంది రాణి. పతకం వేయబోతున్న చేతుల కిందనుంచి తప్పుకుని, సైకిలు తిప్పి, ఎక్కిన కొండను దిగడం మొదలుపెట్టింది.

మజ్జిగ మలుపుకు కాస్త పైన డాక్టరమ్మ కనిపించింది. తలొంచుకుని, ఒక్కో తొక్కుడూ లెక్కపెట్టుకుంటున్నట్టు వస్తోంది. రాణి ఆమె పక్కకు తిరిగింది.

"ఏమైందే? గెల్చినావా?"

"గెలిచినాం. తొక్కండి."

ఇద్దరూ పక్కపక్కన ఎక్కుతున్నారు. రాణి గేరు మార్చుకుని డాక్టరమ్మ వేగానికి వచ్చింది. అంత నెమ్మదిగా ఆ కొండను ఆమె ఎప్పుడూ ఎక్కలేదు. రోడ్డు పక్క చెట్లకు ఏ పూలు పూశాయో కూడా ఆ రోజే చూసింది.

పైన మైకు ఇంకా మోగుతూనే ఉంది. నిర్వాహకుడు ఈలోగా ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆ మాటలు లౌడ్‌స్పీకర్లోంచి కొండంతా వినిపిస్తున్నాయి.

"దస్తగిరి సార్, ఈ పాప మీ శిష్యురాలేనంట గదా. ఎప్పట్నుంచి సార్?"

మైకులో సారు గొంతు వచ్చింది.

"ఈ పొద్దు నుంచి."